మూడో మెట్టు

ఈ యేడు సీజను కార్డు పద్దెనిమిది వందలు.
నిరుడు ఆరు వందలుండె.
అంతకు ముందు యాభై.
అట్ట ముక్క మీద పీడీ సారు సంతకం,
వానకు తడిస్తే సిరా అంగీ జేబుకంటేది.

బెల్లంపల్లి కాలేజి గ్రౌండుల
పడమటి దిక్కు మూడో మెట్టు
నాదీ ఓదెలుదీ.
ఎవ్వలూ రాసియ్యలే.
ఇరవై రెండేండ్లు కూసోంగ కూసోంగ
సిమెంటే నున్నగై ఒప్పుకున్నది.

మొదటి షిఫ్టు అయినంక బాయిల నుంచి ఎక్కి
చెవుల బొగ్గు కడుక్కోకముందే ఉరికేటోళ్లం.
గ్రౌండు సగం గడ్డి, సగం మొరం.
అయినా పొద్దంత టోపీ దీపం యెలుగుల బతికినోనికి
అంత పచ్చదనం ఒక్కసారి కనపడితే
కండ్లు మండుతయి.
ముందుగాల ఆ మంట కోసమే పోయినం,
ఫుట్‌బాల్ తర్వాత తెలిసింది.

ఓడినయే ఎక్కువ యాదికున్నయి.
మంచిర్యాలోళ్ల చేతుల నాలుగు సున్న ఓడిన్నాడు
ఓదెలు చెప్పు తెగింది.
కోపంతోని కాదు,
ఐదోది ఆపిన గోల్‌కీపరు పిల్లగానికోసం
ఎగిరెగిరి చప్పట్లు కొట్టి.

ఇప్పుడు మెట్ల మీద కుర్సీలు బిగించిండ్లు,
నీలి ప్లాస్టిక్కుయి,
ఒక్కోదానికి ఒక్కో నంబరు,
ఎనుకకు ప్లాట్లమ్మే కంపెనీ పేరు.
గేటు కాడి పిల్ల మంచిదే.
"పెద్దాయనా, ఫోన్ల కోడు చూపియ్యుండ్లి" అన్నది.
నా ఫోన్ల మాటలే ఉంటయి.

పిల్లగాండ్లకు కొత్త బూట్లొచ్చినయట, బస్సు గూడ పెట్టిండ్లట.
మంచిగైంది, తప్పనలే.
వట్టి కాళ్లతోని ఆడినోళ్లను చూసిన కండ్లు
ఆ బూట్లను చూడొద్దా అని
అడుగుతున్న, అంతే.
పింఛను పదహారు వందల నలభై.
కార్డు పద్దెనిమిది వందలు.
ఇంక లెక్క నేనేం చెప్పాలె.

గోడ బయట మోరీ మీద బండ ఉన్నది.
ఆడ కూసుంటే ఆట కనపడది, ఇనపడతది.
బంతి పాదానికి తాకితే ఒక తీరు,
మడిమకు తాకితే ఇంకో తీరు.
"ఎడమ దిక్కు పోతున్నరు" అంటడు ఓదెలు, కండ్లు మూసుకొని.
బాయిల పైకప్పు చప్పుడిని
కూలకముందే ఏడుగురిని బయటికి గుంజినోడు,
వానికి బంతెంత.

మొన్న బంతే గోడ దుంకొచ్చింది,
టికెట్టు లేకుండ.
ఓదెలు దాన్ని ఒళ్లె పెట్టుకొని
బొటనవేలితోని ఒత్తి ఒత్తి చూస్తుండు.
గోడ మీద ఒక తలకాయ లేసింది.
"మామా! మీరు మూడో మెట్టోళ్లు గదా,
వస్తలేరేంది?"

నేను నోరు తెరిచేలోపట
"మోకాళ్ల నొప్పులు బిడ్డా, మెట్లెక్కరాదు"
అన్నడు ఓదెలు.
అనుకుంటనే బండ మీదికెల్లి దుంకి
గోడ దాక ఉరికి, మునివేళ్ల మీద నిలవడి
బంతి అందిచ్చిండు.

"జర గాలి తక్కువున్నది.
రెఫరీకి చెప్పు."