తరుగు

కాలేజీ వాళ్ళు నాకు ఇద్దర్ని అప్పగించారు.
ఒకమ్మాయి రాలేదు.
రెండోవాడు గుణశేఖర్, ఎంబీఏ రెండో ఏడు,
శనివారం చెప్పిన టైముకన్నా అరగంట ముందే
చిత్తూరు బస్టాండు ఎదురు టీ అంగడిలో
ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు,
ఎక్స్‌రే చేతికొచ్చి డాక్టరు ఇంకా పిలవని మనిషిలా.

పద్దెనిమిదేళ్ళ కింద నాదీ ఆ కాలేజీయే.
అదే తిరుపతి హాస్టలు, అదే పల్చటి సాంబారు,
కిటికీలోంచి అదే కొండ.
పరీక్షల ముందు దానికేసి చూసి
ఏదో ఒకటి మొక్కుకోని వాళ్ళు మా బ్యాచీలో లేరు.
ఇప్పుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ మేనేజర్ని.
కార్డిచ్చాను. రెండు చేతులతో తీసుకున్నాడు.

చెప్పాల్సినవి రాసుకొచ్చాను:
కరచాలనం గట్టిగా ఉండాలి.
కళ్ళలోకి చూడాలి.
ఏమడిగినా తడుముకోకూడదు.
అతను రాసుకుంటున్నాడు.
టీ మీద తొరక కట్టింది.

రెజ్యూమే ఒక పేజీ.
టీంవర్కు, లీడర్‌షిప్పు, హాబీ: పుస్తక పఠనం.
ఏం పుస్తకాలు?
నవ్వేశాడు. "ఫ్రెండుది చూసి కొట్టినా మేడం."
మరి సెలవుల్లో ఏం చేస్తావు?
"బెల్లం మండీలో చీటీలు రాస్తా. మా నాయన ఆడ హమాలీ.
తొమ్మిదో తరగతి నించీ రాస్తాండా."

అప్పుడు మొదలెట్టాడు.
జనవరి దిమ్మెకీ మార్చి దిమ్మెకీ తడిలో తేడా,
బొటనవేలితో నొక్కి తరుగు చెప్పడం,
లారీ ఊరు దాటేలోపు బస్తాకి ఎంత కరుగుతుందో,
ఏ వ్యాపారి "రేపు" అంటే రేపో
ఏ వ్యాపారి "రేపు" అంటే ఉగాదో.
నేను రెండుసార్లు తప్పి గట్టెక్కిన పేపరు మొత్తం
బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి గీసి చూపించాడు.

ఇది రాయి అన్నాను. అన్నిటికంటే పైన రాయి.
తల అడ్డంగా ఊపాడు.
"పోయినేడు మా సీనియరు ఇట్లే రాసుకోని పోతే
ఏమప్పా, మూటలు మోస్తావా అన్నారంట ఇంటర్వ్యూలో."

దీనికి నేను రాసుకొచ్చిన కాయితంలో జవాబు లేదు.

నా రెజ్యూమేలోనూ రెండేళ్ళు లేవు.
మొదటి ఉద్యోగం ఊడాక
తిరుపతిలో మా చిన్నాయన లాడ్జిలో
లాకరు తాళాలిస్తూ పుచ్చుకుంటూ గడిచిన రెండేళ్ళు.
పొద్దున జుట్టుతో వెళ్ళి సాయంత్రం గుండుతో వచ్చేవాళ్ళని
ముఖం పట్టి, ఎవరి తాళం వాళ్ళకివ్వడం!
అంత కష్టమైన పని మళ్ళీ చేయలేదు.
అక్కడ 'కుటుంబ కారణాలు' అని రాశాను.
పద్నాలుగేళ్ళుగా ఆ అబద్ధానికి
అక్షరాల సైజు మాత్రం మారుస్తున్నాను.
అతనికి చెప్పేశాను, ఎందుకో.

కాసేపు ఊరకున్నాడు.
మేడం అనడం మానేసి
"అక్కా, ఒకటి అడగచ్చా?
మీ ఫ్యాక్టరీలో టన్నుకి ఎంత తరుగు తీస్తారు?"

జూన్ నెల.
రోడ్డు మీద తోతాపురి ట్రాక్టర్లు
మా గేటు వైపే పోతున్నాయి.
వాళ్ళ మామ రెండు రాత్రులుగా ఆ వరుసలోనే ఉన్నాడట,
ట్రాక్టరు కింద గోనె పరుచుకుని.
ఆ అంకె వేసేది నేను.
ఏ కాయనీ బొటనవేలితో నొక్కి చూసిందాన్ని కాదు.
పైనుంచి మెయిలొస్తుంది, కిందికి పంపుతాను.

కళ్ళలోకి చూడాలి.
తడుముకోకూడదు.

తడుముకున్నాను.

పర్సు తెరిచేలోపు టీ డబ్బులు అతనే ఇచ్చేశాడు.
చిల్లర లెక్కపెట్టలేదు,
అరచేతిలో ఒకసారి ఎగరేసి జేబులో వేసుకున్నాడు.
"వచ్చే శనివారం నేనే మీ ఫ్యాక్టరీ కాడికి వస్తా అక్కా.
మామకి ఎట్లాగూ అన్నం తేవాల."