నాలుగు మీటలు

మొక్‌పో ఓడరేవు వెనక వీధిలో, రెండో అంతస్తు మీద
గంటకింత అని చీకటిని అద్దెకిచ్చే పీసీ బాంగ్.
అరవై నాలుగు కుర్చీలు.
ఏడేళ్లుగా తెల్లవారుజామున నేనే తుడుస్తున్నాను:
నూడుల్స్ పులుసు ఒలికిన బల్లలు,
ఇంకా వేడి తగ్గని దిళ్లు, ఒంటి చెవిపోగు,
ఒకసారి ఒక కట్టుడు పన్ను.

ఏ కీబోర్డు చూసినా ఒకటే వింత.
ఎడమ పక్క నాలుగు మీటల మీద అక్షరాలుండవు.
అరిగి నున్నబడి ఉంటాయి, గడప ముందు మెట్టులా.
మిగతావాటి మీద దుమ్ము.
ఆ నాలుగింటితో ఇంత ఇదిగా ఏం రాస్తారా అని
చాలాకాలం అనుకున్నాను.
రాయరట. నడుస్తారట.
ముందుకి, వెనక్కి, ఎడమకి, కుడికి.
ఏడేళ్లు నేను గుడ్డతో తుడిచింది
బాటనన్నమాట.

నిన్న కౌంటరు కుర్రాడు తెగ్యొమ్‌ని అడిగాను,
"నాకూ ఒకటి చూపించు. కొత్తదానికి ఏదైతే బాగుంటుంది?"
వాడు నవ్వలేదు.
నవ్వడని తెలిసే వాణ్ణి అడిగాను.
"మూడు చంద్రుల సీమ. ఐదో భాగం."
"మరి మొదటి నాలుగూ?"

పదిహేడో కుర్చీ వాడు హెడ్‌ఫోన్ దించాడు.
"అమ్మమ్మా, మొదటినుంచే ఆడాలి. లేకపోతే
ఆ ముసలి సేనాని వంతెన మీద ఎందుకేడుస్తాడో తెలీదు."
నలభై రెండో కుర్చీ అడ్డం పడింది.
"మొదటిది ఇప్పుడెవడాడుతున్నాడు? ఊళ్లన్నీ ఖాళీ.
దుకాణంవాడొక్కడే నిలబడి
ఎవరూ రాకపోయినా దయచేయండి అంటుంటాడు."
బకెట్ పక్కన నిలబడి విన్నాను
చచ్చిపోయిన రాణి సంగతి, పగిలిన రెండో చంద్రుడి సంగతి,
పక్కింటి పెళ్లిలో గొడవ విన్నట్టు,
పెళ్లికూతురెవరో తెలియకుండానే
ఎవరి వైపో తేల్చేసుకుంటూ.

మధ్యలో రావడం నాకు కొత్తా?
ఉప్పుమడుల్లో పనికి చేరిన రోజున
సగం ఎండిన ఉప్పే చేతికిచ్చారు.
సముద్రం ఎప్పుడు మొదలైందని
నేనెవర్నీ అడగలేదు.

"ఐదోదే పెట్టు" అన్నాను.
ఎవరిగా ఉంటావంది తెర.
కత్తివాడు, నిప్పులు చిమ్మేది, గాయాలు కట్టేది,
చివర్న, అందరి మూటలూ మోసే రాతిమనిషి.
"కొత్తవాళ్లంతా కత్తే తీసుకుంటారు" అన్నాడు తెగ్యొమ్.
అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరు?
రాతిమనిషి మీద వేలు పెట్టాను.
నిజం చెప్పొద్దూ, వాడి భుజాలు నచ్చాయి.

వాడు నాకు వీపు చూపించి నిలబడ్డాడు.
ఆటంతా ఇంతేనట, వెనకనుంచే చూస్తూ నడిపించాలట.
ఇన్నేళ్లూ నేను చూసిందీ అదే కదా, వీపులు.
వంగినవి, గోకినచోటే గోక్కునేవి,
ఓడిన క్షణంలో ఒక్కసారి బిగిసి మళ్లీ జారేవి.
ఎవరి ఉద్యోగం పోయిందో వీపు చూసి చెప్పగలను.
ముఖమైతే, చేపల బజార్లో ఎదురుపడినా
పోల్చుకోలేను.

"ఇటు తిప్పడమెలా?"
మౌస్ నా చేతికిచ్చాడు.
రాతిమనిషి మెల్లగా తిరిగాడు.
కళ్లున్నాయి. అందగాడేం కాదు.
ముక్కు కాస్త పక్కకి.
కాసేపు అలాగే చూసుకున్నాం.

పేరడిగితే ఒక్‌బున్ అని కొట్టాను.
ఆ పేరు ఇప్పటికే ఒకరికుందంది.
ఒక్‌బున్!
అరవై దాటినవాళ్లకి తప్ప ఎవరికుంటుందా పేరు?
ఆ మూడు చంద్రుల కింద ఎక్కడో, నాకంటే ముందే,
నా ఈడుది ఒకతె తిరుగుతోంది.
పేరు చివర ఉప్పు అని చేర్చి సరిపెట్టాను.

ఐదున్నర. ఇంకా ఇరవై బల్లలున్నాయి.
చేతి తొడుగు తీసేసి
అక్షరం లేని మీట నొక్కాను.
రాతిమనిషి బయల్దేరాడు, తిన్నగా వెళ్లి గోడకి తగిలాడు.
తగిలి కూడా ఆగలేదు, అక్కడే అడుగులేస్తున్నాడు.
పదిహేడోవాడు నవ్వాడు.
నవ్వనీ.
కుడికి ఏ మీటన్నావురా?