మూడో భాగం

నాలుగు వారాల కథ. రెండు వారాలదే మిగిలింది.
టేపు ఖరీదైన రోజులవి.
సముద్రం మింగిన ఊరి మీద
ఎవరో గుర్రప్పందేలు రికార్డు చేసుకున్నారట.
ఒకటో భాగం ఉంది, నాలుగోది ఉంది,
నడుమ నీళ్ళు.

ఆ నీళ్ళలో నేనున్నాను.
పదకొండేళ్ళవాణ్ణి, లోస్టాఫ్ట్‌లో, రేవు వెనక సందులో,
టీవీ ముందు బోర్లా పడుకుని
మా బాబాయి తాకట్టు విడిపించుకున్న రికార్డరు మైకుని
స్పీకరు గుడ్డకి ఆనించి
తుమ్ము ఆపుకుంటూ.

గంటలు పోతపోసేవాడి కూతురు
ఆ రాత్రి చర్చి గోపురం ఎక్కుతుంది.
తుపానులో దారి తప్పిన పడవలకి
ఒడ్డు ఎటుందో గంట కొట్టి చెప్పాలి.
నాలుగో భాగం మొదలయ్యేసరికి ఆ పిల్ల లేదు.
ఏమైందని ఎవరూ అడగరు,
పన్నులవాడూ అడగడు, తండ్రీ అడగడు,
ఇసకలో గంట ఒకటి ఒరిగి ఉంటుంది, అంతే.

అందుకే ఆ మెట్లు నాకు కావాలి.
నలభై. చీకట్లో, చెక్క చెప్పులతో.
అరవై ఏళ్ళుగా ఎక్కుతున్నాను.
ముప్పై ఏడో మెట్టు మీద ఆగి
ఏదో అంటుంది.

ఏమంటుందో తెలీదు.
సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మా అమ్మ:
"లెస్లీ, చేప చల్లారిపోతోందిరా!"

మొన్న చలికాలం నారిచ్‌లో
చెవులకి పెద్ద డిప్పలు తగిలించుకున్న ఇమోజెన్ అనే అమ్మాయి
పన్ను పీకే డాక్టరంత మర్యాదగా అడిగింది:
"మీ అమ్మగారిని తీసేయమంటారా?"
తీసింది.
కింద గంటల పిల్ల లేదు.
చాటలో ఇసక జల్లిస్తున్నట్టు
గరగర, గరగర.
మళ్ళీ పెట్టెయ్యమన్నాను.

సౌత్‌వోల్డ్ వెళ్ళాను, థెల్మా రేక్‌స్ట్రా ఇంటికి.
ఎనభై నాలుగు. మోకాలు కొత్తది, నవ్వు పాతది.
"మెట్లా? ఏ మెట్లు?
యాపిల్ పళ్ళ పెట్టె మీద నిలబడి అడుగులేశాను.
పక్కన ఒక కుర్రాడు నా మొహమ్మీద నీళ్ళు కొట్టాడు.
ఉన్నచోటే ఉన్నాను నాయనా, ఎక్కడికీ ఎక్కలేదు."
వెనక్కి తిరిగి చూశారు కదా, అన్నాను.
నీలం కండువా కదా.
"గోధుమరంగు. ఒకటే దురద."
మరి ఆ మాట?
చాలాసేపు టీ కలిపింది.
"ఇచ్చిన డబ్బులు గుర్తున్నాయి. మాట గుర్తులేదు."

ఒక చోట ఎప్పుడూ ముందుకి తిప్పేస్తాను.
ఇమోజెన్‌కి తెలీదు, తిప్పలేదు.
అమ్మ పిలుపు కాగానే ఒక సన్నటి గొంతు,
మైకుకి మరీ దగ్గరగా:
"అబ్బ, ఊరుకోవే!"

రోజంతా హెర్రింగ్ పొట్టలు చీరి
వేళ్ళకి చుట్టిన పేలికలు ఇంకా విప్పని మనిషి
ఊరుకుంది.
ఫోటోలు ఏడున్నాయి నా దగ్గర. గొంతు మాత్రం ఇదే,
ఈ మూడు మాటలు.
ఆ తరవాత పద్దెనిమిది నిమిషాలు తుపాను,
గోపురం విరగడం, గుంపు కేకలు, అవయవం లేని సంగీతం.
నేను ఆపమన్నది ఒక్కతే ఆగింది.

"ఇక్కడేదో ఉంది," అంది ఇమోజెన్.
తెర మీద సన్నని గీత, మేకు మొనంత.
"టక్‌మని. రాయి జారిందంటారా? తీసేద్దామా?"

రాయి కాదు.
పింగాణీ పళ్ళెం, చెక్క నేల.
నా మోచేతి పక్కన, చప్పుడు కాకుండా పెట్టాలని
ఎంతో మెల్లగా పెట్టినా
అయిన చప్పుడు.
తెర మీంచి కన్ను తీయకుండా తినేశాను,
ఒక్క ముల్లూ తగల్లేదు.
ఎందుకు తగల్లేదో
ఆ రోజు అనుకోలేదు.

"ఉంచమ్మా," అన్నాను,
"కథలోదే."