అరవై ఒకటి

బుర్జ్ హమ్మూద్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో
జనరేటరు వాడికి తప్ప ఎవడికీ తెలియదు.
పోతుంది, అంతే.
వీధి చివర ఇనుప గొంతు ఒకటి దగ్గుతుంది, మళ్ళీ వస్తుంది.
మధ్యలో ఏడు సెకన్లు.

ఆ ఏడు సెకన్లలో
చర్చి ఆంప్లిఫయర్ అంతా మరిచిపోతోందని
షాహే మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు.
పందొమ్మిదేళ్ళ కొత్త డీకను, గొంతు నూలుపోగు.
"ప్రార్థన సగంలో నా మాట నూతిలో పడుతోంది, వార్తుహి అక్కా.
వెనక వరస ముసలమ్మలు చెవికి చెయ్యి అడ్డం పెడతారు.
నేను మళ్ళీ బటన్ నొక్కి, నొక్కి..."

మూత విప్పాను.
పాతకాలం గుండ్రటి నాబ్ అయితే ఈ గొడవ లేదు,
తిప్పిన చోటే ఉండేది, మొండిది.
ఇది బియ్యపుగింజంత చిప్.
లోపల రెండొందల యాభై ఆరు మెట్ల నిచ్చెన,
ఏ మెట్టు మీద నిలబడాలో ఒక అంకె చెబుతుంది.

ఇక చాలనిపించేదాకా అతన్నే నొక్కమన్నాను.
రెండు తీగలు తగిలించి అడిగాను: ఎక్కడున్నావు?
నూట ఎనభై మూడు.
అది నీటి మీద రాత.
కరెంటు పోయినా చెరగని గదిని అడిగాను.
అరవై ఒకటి.

అరవై ఒకటా?
ఫ్యాక్టరీ వాళ్ళయితే సరిగ్గా మధ్యలో వదిలేస్తారు.
ఇది ఎవరో కూచుని, విని, తగ్గించి, మళ్ళీ విని
పనిగట్టుకుని దాచిన అంకె.

అప్పుడు తట్టింది, యెఘియా!
ఆయన నిలబడితే మైకే వెనక్కి జరిగేది.
ఆయన ఆమెన్ అంటే
బయట బస్తుర్మా కోసే కత్తి ఆగేది.
ఆయనకి అరవై ఒకటి చాలు, అదీ ఎక్కువే.
నిరుడు ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు.
ఇప్పుడు మూడో వరసలో మఫ్లరు చుట్టుకుని కూచుంటాడు.

షాహేకి కావలసింది ఒక్క ఆజ్ఞ:
ఉన్న అంకెని ఆ గదిలోకి దించు.
పాతది పోతుంది, పలక మీద తడిగుడ్డ.
చెయ్యి ఆగింది.
ఆగిన చేతికి ఎవరూ డబ్బివ్వరు.

చిప్ కాగితాలు మళ్ళీ తిరగేశాను.
ఒక పేజీ అడుగున చీమల అక్షరాలు:
అదనపు గదులు పది, నిచ్చెనతో సంబంధం లేనివి,
మీ ఇష్టం.

మొదటి దాంట్లో అరవై ఒకటి రాశాను.
పిలిచాను, పలకలేదు.
మళ్ళీ పిలిచాను.
కొన్ని మిల్లీసెకన్లు, ఏదో గుటక వేస్తున్నట్టు.
ఆనక ఊఁ అంది.
అప్పుడు నూట ఎనభై మూడు దించాను.

ప్లగ్ పీకి, ఏడు లెక్కపెట్టి, పెట్టాను.
షాహే మైకులో దగ్గాడు. దుకాణమంతా దగ్గింది.
బిల్లులో రాశాను: సెట్టింగ్ దాచినందుకు, పది డాలర్లు.
దాచింది రెండని రాయలేదు.

ఆదివారం నేనూ వెళ్ళాను.
ఇనుప గొంతు దగ్గింది, లైట్లు పోయి వచ్చాయి,
షాహే తెగిన వాక్యాన్ని అదే ఎత్తులో అందుకున్నాడు.
మూడో వరసలో యెఘియా తలెత్తి
స్పీకర్ వైపు చూశాడు,
తగ్గాల్సింది తగ్గలేదేమని.