మిగిలిన రెండు గోలీలు

కోకాపేటల పదకొండో స్లాబు మీద
ఇసుకతోని గట్లు కట్టి నీళ్లు నిలిపిండ్రు.
గట్టిపడాలంటే వారం దినాలు తాగాలంట స్లాబు.
వంగి చూస్తే
ఆకాశం మీద అడ్డంగ పండుకున్న పిల్లపురుగులు.
తలకిందులుగ వేలాడేది వేరే దోమ,
ఇట్ల బల్లపరుపుగ పండేది చలిజరం దోమ.
ట్రైనింగుల చెప్పిండ్రు, బొమ్మ గీసుకున్న.

వారానికి ఒక్కపూటన్న ఆరబెట్టు సారూ అన్న.
"స్లాబు పగిలితే నువ్వు కడతవా అమ్మా?"
మనిషి పగిలితే ఎవరు కడతరని
మెట్లు దిగేటప్పుడు యాదికొచ్చింది,
ఎప్పటిలెక్కనే ఆలస్యంగ.

కింద రేకుల షెడ్డుల సుకురా, మల్కన్‌గిరి దిక్కు మనిషి.
దినం విడిచి దినం, మూడు కొట్టంగనే చలి.
కూలిపైసలన్న ఆగుతయి గాని అది ఆగది.
మూడు రగ్గులు, పైన సిమెంటు సంచులు,
వాటి మీద ధనమతి కూసున్నా
మంచం వణుకు ఆపలే.

వేలు గుచ్చిన. ఒక్క చుక్క.
పావుగంటకు కిట్టు మీద రెండో గీత
సిగ్గుపడుకుంట బయటికొచ్చింది.
ధనమతి నవ్వింది:
పోయిన నెల ఆమె కిట్టు మీదనూ గట్లనే రెండు.

మూడు రోజుల గోలీలకు జరం దిగింది.
నాలుగోనాడు సుకురా పార పట్టిండు.
"తగ్గింది గదక్కా?"
నా తెలుగు ఆయనకు సగం, ఆయన మాట నాకు పావు.
కార్జం మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసి,
గురక కొట్టి చూపిచ్చిన.
ఆడ పండుకున్నయి. మల్ల లేస్తయి.
షెడ్డంత నవ్విండ్రు. సుకురా నవ్వలే.

బస్తీ దవఖానల రక్తం చూసి ఇచ్చిన మందు అది,
పద్నాలుగు దినాలు.
రోజూ బువ్వ తిన్నంక, నా కండ్ల ముందట.
ధనమతి చెయ్యి చాపితే గుంజుకున్న:
కడుపుతోని ఉన్నోళ్లకు గాదు బిడ్డా, నీకు దోమతెర.
మర్నాడు దాంట్ల ఉల్లిగడ్డలు మూటగట్టి ఉన్నయి.
ఏమనలే. గడ్డలు కుమ్మరిచ్చి
నాలుగు మేకులు కొట్టి తెర కట్టిన.

పదమూడోనాడు పోతే షెడ్డు ఖాళీ.
పటాన్‌చెరు సైటుకు తోలిండ్రంట, రాత్రికి రాత్రి.
పన్నెండో స్లాబు అంచుకెల్లి
సన్నగ కారుతున్నయి నీళ్లు.

గోడకు మేకులు నాలుగూ ఉన్నయి.
తెర లేదు.
తీస్కపోయిండ్రు!

స్ట్రిప్పుల రెండు గోలీలు.
బస్సెక్కిన.
కండక్టరు జీరో టికెట్టు చింపి ఇచ్చుకుంట
ఎవలింటికి పోతున్నవమ్మా అంటే
ఇల్లు లేనోళ్ల ఇంటికి అన్న.