గుడ్ల బండి

ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉంటాడంటారు.
ఇనుము సంగతి అలా కాదు.
మా వీధి చివరే కరీబియన్ సముద్రం,
ముప్పై ఏళ్లు రాత్రీ పగలూ ఉప్పు తినిపించింది
మా నాన్న టొయోటాకి.
చివరికి డ్రైవర్ కాళ్ల కింద రేకు పోయి
రోడ్డు పరిగెత్తడం కనపడేది.
పరిగెత్తడం అన్నానా, కాదు, నడవడం.

అరోయో ఊరంతటికీ తెలుసు
ఎలీహియో గుడ్ల బండి.
వెనక సీటు పీకేసి అట్టలు పేర్చేవాడు,
అట్టకి ముప్పై.
గంటకి ఇరవై మైళ్లు, అంతకు మించి ఎరగడు.
వెనక చెరకు లారీలు హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయేవి.
ఆయన నిమ్మకు నీరెత్తినట్టు
కిటికీలోంచి చెయ్యి చాపి
పొండి, ముందు మీరు పొండి అనేవాడు.

బళ్లో నన్ను తాబేలు కూతురనేవారు.
రెండు వీధులు ముందే దిగిపోయేదాన్ని,
చెప్పు తెగిందనో, స్నేహితురాలు కనిపించిందనో.

తుఫాను ఏడాది కోళ్లు పోయాయి.
బండి పెరట్లో ఆగింది,
డాష్‌బోర్డు మీద ఒక ఇగ్వానా కాపురం పెట్టింది.
నేను రేవులో వెల్డింగ్ పని నేర్చుకొచ్చి
ఒక ఆదివారం స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను.
తలుపు అప్పడంలా విరిగింది.
"దీన్ని రేసుకి దింపుతా" అన్నాను.
నాన్న నవ్వలేదు.
"ఇగ్వానాకి చెప్పావా?" అన్నాడు.

పద్నాలుగు నెలలు.
కోసి పారేసిందే ఎక్కువ, మిగిలింది తక్కువ.
యారిట్సా ఎక్కడో చచ్చిన మాజ్డాలోంచి
పిస్టన్లే లేని ఇంజను పట్టుకొచ్చింది,
కడుపులో ముక్కోణం గిరగిరా తిరిగే రకం.
దాని నెత్తిన నా మూడు నెలల జీతం
టర్బో అనే పేరుతో కూర్చుంది.
నేల రేకు మీద వార్నిష్‌లా గట్టిపడిన పసుపు మరకలు.
గ్రైండర్ పెడితే, ఒట్టు,
షెడ్డంతా అట్టు వాసన.
ఇద్దరం పని ఆపి భోజనానికి వెళ్లాం.

రోడ్డు మీద తిరగాలంటే తనిఖీ కావాలి.
లైట్లు చూశాడు, వైపర్లు చూశాడు,
కళ్లద్దాలాయన హారన్ నొక్కమన్నాడు.
నా గుండె జారింది: దాన్ని ఎవరూ ముట్టుకోలేదు,
నేను గానీ, అంతకు ముందు నాన్న గానీ.
నొక్కాను.
నలభై ఏళ్లు మౌనవ్రతం పట్టిన గొంతు
కొత్తగా, సిగ్గుగా, ఖంగుమంది.
అద్దం మీద స్టిక్కర్ పడింది.

సలీనాస్ దగ్గర రేసు పట్టీ, శనివారం రాత్రి.
మొదటిసారి తొక్కాను: టైర్లు కాలాయి, బండి కదల్లేదు.
రెండోసారి ఇంకా గట్టిగా తొక్కాను, ఇంకా పొగ.
పక్క లైనువాడు వెళ్లి, తిరిగొచ్చి, సోడా తాగుతున్నాడు.
కంచె దగ్గర్నుంచి నాన్న వచ్చాడు,
ఆయన వేగంతోనే వచ్చాడు,
కిటికీలోకి వంగాడు.
"పాదానికీ పెడల్‌కీ మధ్య గుడ్డుంది.
ముందు దాన్ని పగలనివ్వకు.
బండి కదిలాక, ఇక నీ ఇష్టం."

పసుపు. పసుపు. పసుపు. పచ్చ.
ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను.
వీపు సీటులోకి దిగింది,
దీపాలన్నీ ఒక గీతైపోయాయి,
పదకొండు పాయింట్ నాలుగు.
ఓడిపోయాను, వాడిది పదకొండు పాయింట్ ఒకటి.
నాన్న ఆ చీటీ అడిగి తీసుకుని
ఒకప్పుడు బాకీల లెక్క పెట్టుకునే జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం రొట్టెకి వెళ్లాలి, తాళం ఇమ్మన్నాడు.
నేను పక్కన కూర్చున్నాను.
గంటకి ఇరవై.
ముక్కుతాడు వేసిన ఎద్దులా ఇంజను గునుస్తోంది,
మా వెనక ఏడు కార్లు, ఏడు హారన్లు.
బడి ఇంకా రెండు వీధులుందనగా
ఆయన బండి పక్కకు తీసి ఆపాడు.
ఏమీ అనలేదు. రోడ్డు వైపే చూస్తున్నాడు.

తెలుసన్నమాట, అప్పుడే.

నేను దిగలేదు.
కిటికీ అద్దం దించి
చెయ్యి బయటికి చాపాను:
పొండి,
ముందు మీరు పొండి.