కుడికాలి బూటు

ఆపిళ్ళ కోత ముగిసిన మర్నాడు
షెడ్డు తాళంచెవి మేకుకి తగిలించి
ఒక్కదాన్నే బయల్దేరాను.
హ్యూవన్ లోయంతా ఇంకా పండు వాసన.
నా వేళ్ళదీ అదే వాసన.

అడవి మొదట్లో చెక్క గది, అందులో పుస్తకం.
పేరు: వెరిటీ. ఎందరు: ఒకరు.
ఎటు? అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
"ఖాళీ వదిలితే నిన్ను వెతకడానికి ఎటు రమ్మంటావ్?"
పొగలు కక్కే కప్పు వెనకనుంచి ముసలి క్లెమ్.
"దారి లేని వైపు" అని రాశాను.
"సోమవారం దాకా చూస్తాను" అన్నాడు,
మబ్బు చూసి బట్టలు తీసేవాడిలా, మామూలుగా.

అడుగుకో తిట్టు, తిట్టుకో గీత.
టాస్మేనియా పడమటి అడవిలో
కొన్ని చెట్లు పడుకునే పెరుగుతాయి.
నేలమీద నడుస్తున్నాననుకుని
వంగి చూస్తే
నేల నా కాళ్ళకింద నిలువెత్తు లోతున ఉంది.
మేజోళ్ళ మీదికి జలగలు
వడ్డీ వసూలుకొచ్చినవాళ్ళలా
తీరిగ్గా ఎక్కాయి.

సాయంత్రం మడుగు పక్కన డేరా వేసి
నీళ్ళకి వెళ్ళిన నాలుగు నిమిషాల్లో
నల్లని కరావాంగ్ పిట్ట
సంచీ జిప్పు లాగి, జున్నుముక్క తీసుకుని
కొమ్మెక్కింది.
పసుపు కన్నుతో నన్నొకసారి చూసింది,
రసీదు ఇచ్చినట్టు.

అర్ధరాత్రి, గచ్చుమీద ఇనపమంచం ఈడ్చినట్టు
అరుపు. ఆగి, మళ్ళీ.
డెవిల్ అని ఊరికే పేరు పెట్టలేదు.
టార్చి వేశాను.
గుండెమీద తెల్లటి పట్టీ,
ఎడమ చెవికి పాత గాటు,
వెలుతురు ఆ చెవుల్లోంచి ఎర్రగా కనపడింది,
పసిపిల్లల చెవుల్లోంచి కనపడినట్టే.
ముందు మొహం చూశాను.
ఇక్కడ అందరం ముందు మొహమే చూస్తాం.
దవడ కింద, పెదవి మీద, కంటి పక్కన
పుండు లేదు. కణితి లేదు.
నోరంతా తెరిచి నామీద అరిచింది.
ఎంత ఆరోగ్యంగా అరిచిందో!

ఆ సంబరంలో బూట్లు లోపల పెట్టడం మరిచాను.

తెల్లారేసరికి
ఎడమ బూటు ఒక్కటే ఉంది.

పరుపు కోసి పాదానికి చుట్టి,
బియ్యం సంచి తొడిగి, డేరా తాడుతో బిగించి
లేచేసరికి మంచు దిగింది.
దిక్సూచి ఉత్తరం చూపించింది.
ఉత్తరాన వాగుందో లోయ అంచుందో
చెప్పడం దాని పని కాదు.
అరిచాను. నా గొంతు
చెయ్యెత్తు దూరం పోయి తడిసి పడిపోయింది.
కాసేపు కూర్చుని ఏడ్చాను కూడా,
ఇది క్లెమ్‌కి చెప్పలేదు.

అప్పుడు కనపడింది, పక్క రాతిమీద
వాంబాట్ పెంట.
నలుపలకల ముక్కలు, ఎవరో పాచికలు వేసి
ఆట మధ్యలో లేచిపోయినట్టు.
పదహారేళ్ళుగా పండుని పట్టుకుని
ఇది నిన్నటిది, ఇది పోయినవారంది అని
వేరుచేసే చేతులు నావి.
ముట్టుకున్నాను. ఎండిపోయింది.
పొద కింద ఇంకో రాయి: కాస్త తడి.
ఆ పైన మరొకటి: వెచ్చగా!

పొదలో సొరంగం, నా మోకాలెత్తు.
సంచీని ముందుకి తోస్తూ పాకాను.
నేలంతా నున్నగా అరిగి ఉంది,
ఎన్ని తరాల పొట్టలు రాసుకుపోయాయో.
దారి లేకపోవడమేం?
నిలబడితే లేదు, అంతే.

సొరంగం చివర పచ్చికలో
ఆయనగారు మేస్తున్నారు.
తల ఎత్తలేదు.
తడిగడ్డి పటుక్కున తెగే చప్పుడు.
వెనక మంచు విడిపోతూ
కొండవాలంతా ఫేగస్ ఆకుల బంగారం,
కింద, సన్నగా, జీపుల బాట.

సోమవారం మధ్యాహ్నం
క్లెమ్ నా మొహం చూడకుండా కాలు చూశాడు.
"ఎత్తుకుపోయిందా?"
"ఎత్తుకుపోయింది."
"మొహం?"
"శుభ్రంగా ఉంది."
కప్పు కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు.
"ఎడమ చెవికి గాటు?"
తల ఊపాను.
కిటికీవైపు తిరిగి చాలాసేపు
అడవినే చూశాడు.

"దాని తల్లి దగ్గర
నా టోపీ ఉండాలి" అన్నాడు.